కోతి మెదడులో థాలమస్ దారులు: నా ప్రాజెక్టు అనుభవం

మకాక్ కోతి మెదడులో నడిమధ్యనున్న థాలమస్‌కూ, మెదడు పైపొర అయిన కార్టెక్స్‌కూ మధ్య ఉన్న నరాల తంతువుల దారులను స్కాన్ డేటా నుంచి గీయడం నా ఎం.టెక్ ప్రాజెక్టు. చేసింది హన్మకొండలో. కోతిని గానీ దాని మెదడును గానీ నేను ముట్టుకోలేదు. వేరే దేశాల ల్యాబులు తీసి అందరికీ ఉచితంగా ఇచ్చిన ఎమ్మారై డేటా మీదే పనంతా జరిగింది. నాలాగా ఎలక్ట్రానిక్స్ చదివి ఈ పని ఎత్తుకునే వాళ్లకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. చివర్లో వచ్చే రంగుల బొమ్మ చాలా బాగుంటుంది, చూసినవాళ్లంతా మెచ్చుకుంటారు. కానీ ఆ బొమ్మ వచ్చాకే అసలు పని మొదలవుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో చెప్పడానికి కొంచెం మొదటి నుంచి రావాలి.

థాలమస్ మెదడు నడిమధ్యన, మూడో వెంట్రికల్‌కు (ద్రవం నిండిన గదికి) రెండు పక్కలా గుడ్డు ఆకారంలో ఉంటుంది. వాసన తప్ప మిగతా ఇంద్రియాల సమాచారమంతా దీన్ని దాటే కార్టెక్స్‌కు చేరుతుంది. లోపల అదొక్కటే ముద్ద కాదు, చాలా కేంద్రకాలుగా, అంటే నాడీకణాల గుంపులుగా, విడిపోయి ఉంటుంది. కంటి నుంచి వచ్చేది లాటరల్ జెనిక్యులేట్‌కు, చెవి నుంచి వచ్చేది మీడియల్ జెనిక్యులేట్‌కు చేరుతుంది. ఒంటి స్పర్శ వీపీఎల్ అనే కేంద్రకానికి, ముఖం స్పర్శ దాని పక్కనున్న వీపీఎమ్‌కు వస్తుంది. వీఎల్ కేంద్రకం సెరెబెల్లం (చిన్నమెదడు) నుంచి సంకేతాలు అందుకుని, కదలికలను నడిపే మోటార్ కార్టెక్స్‌కు పంపుతుంది. మీడియోడోర్సల్ అనేది నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌తో ముడిపడి ఉంటుంది. వెనక భాగంలో పుల్వినార్ ఉంటుంది, ప్రైమేట్లలో బాగా పెరిగిపోయిన కేంద్రకం ఇది. మామూలు ఎమ్మారైలో ఈ కేంద్రకాల మధ్య హద్దులు దాదాపు కనిపించవు, అంతా ఒకే బూడిద రంగు. అందుకే, ఏ భాగం కార్టెక్స్‌లో ఎక్కడికి కలుస్తుందో చూసి, దాన్ని బట్టి లోపలి హద్దులు గీద్దామనే ఆలోచన వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో టిమ్ బెహ్రెన్స్, హైడీ జోహాన్సెన్-బర్గ్ బృందం 2003లో మనిషి థాలమస్ మీద ఇదే చేసి చూపించింది. కార్టెక్స్‌ను ఏడు భాగాలు చేసి, థాలమస్‌లోని ఒక్కో చుక్క ఏ భాగంతో ఎక్కువగా కలుస్తుందో లెక్కగట్టి, ఆ రంగు వేశారు. మా గైడ్ మేడమ్ నాకు ఇచ్చిన పని దాన్నే మకాక్ మీద చేయడం.

మనిషిని వదిలి కోతి ఎందుకని మొదటి రివ్యూలోనే అడిగారు. కారణం సూటిగానే ఉంది. మనిషి మెదడులో మనం గీసిన దారి నిజమో కాదో సరిచూసే మార్గం చాలా తక్కువ. మకాక్‌లో మాత్రం దశాబ్దాల ట్రేసర్ ప్రయోగాల (తంతువుల్లోకి గుర్తుపట్టే పదార్థం ఎక్కించి అవి ఎక్కడికి పోతాయో చూసేవి) ఫలితాలు అచ్చై ఉన్నాయి. స్కాన్ చెప్పినదాన్ని వాటి పక్కన పెట్టి చూడవచ్చు.

ఈ ప్రాజెక్టు తీసుకోవడానికి నాకు సొంత కారణం కూడా ఉంది. మా నాయనమ్మకు పక్షవాతం వచ్చి తగ్గాక, కొన్ని నెలలకు ఎడమవైపు ఒళ్లంతా మంట మొదలైంది. చీర కొంగు తగిలినా ఓర్చుకోలేకపోయేది. అందరూ నరాల బలహీనత అనుకున్నారు. హన్మకొండలో ఒక డాక్టరుగారు పాత సీటీ స్కాన్ వెలుతురుకు పట్టి, కుడివైపు చిన్న మచ్చ చూపించి, "ఇది థాలమస్ అమ్మా, నొప్పి ఇక్కడి నుంచి వస్తోంది, ఒంట్లోంచి కాదు" అన్నారు. డెజరీన్, రూసీ అనే ఫ్రెంచి డాక్టర్లు 1906లోనే ఈ లక్షణాలను వర్ణించారని తర్వాత చదివాను. అంత చిన్న చోట దెబ్బ తగిలితే మనిషి జీవితం ఎంత మారుతుందో ఇంట్లో చూశాను కాబట్టి, పాఠంలో ఆ పేరు వచ్చినప్పుడల్లా చెవులు రిక్కించేదాన్ని.

ఇంట్లో వాళ్లకు మాత్రం కోతి అన్న మాటే వినిపించింది. మాది పరకాల వైపు. కోతుల బెడదతో పల్లికాయ వేయడం మానేసిన ఊళ్లు మా చుట్టూ చాలా ఉన్నాయి. బాపు ఫోన్లో అడిగిండు: "కోతుల్ని కోస్తున్నరా బిడ్డా?"

"కోస్తలేం బాపూ. ఎవరో ఎప్పుడో తీసిన స్కాన్లు. కంప్యూటర్ల చూస్తున్న."

"మరి మన మక్కచేను దారి దానికెట్ల యాదికుంటదో అది గూడ చూడు."

బాపు అడిగినదానికి థాలమస్‌లో నిజంగానే చోటు ఉంది. ముందువైపున్న యాంటీరియర్ కేంద్రకాలు జ్ఞాపకాలతో పనున్న హిప్పోకాంపస్, మామిల్లరీ బాడీల నుంచి వచ్చే దారిలో ఉంటాయి. అక్కడి నుంచి తంతువులు, మెదడు రెండు సగాల మధ్య గోడ మీదున్న సింగులేట్ కార్టెక్స్‌కు వెళ్తాయి. జ్ఞాపకానికి, ఏ దిక్కుకు తిరిగి ఉన్నామో తెలియడానికి ఈ దారి కావాలి. నా ఏడు భాగాల్లో సింగులేట్‌కు విడిగా చోటు లేదు. బాపుతో మాట్లాడాకే ఎనిమిదో భాగంగా దాన్ని కలిపాను.

మన దగ్గర గుళ్ల చుట్టూ, కప్పుల మీద తిరిగేవి అన్నీ ఒకటే జాతి కాదు. నెత్తిన వెంట్రుకలు టోపీలా విచ్చుకుని, పొడుగు తోక ఉన్నది బానెట్ మకాక్. ముడ్డి దగ్గర ఎర్రటి ఛాయతో, పొట్టి తోకతో ఉన్నది రీసస్. పరిశోధనల్లో వాడే డేటాలో ఎక్కువ భాగం రీసస్‌దే. దాని మెదడు బరువు సుమారు 90 గ్రాములు. మనిషిది 1300 గ్రాముల పైన. ఈ తేడా తర్వాత ప్రతి సెట్టింగులోనూ నన్ను ఇబ్బంది పెట్టింది.

డేటా వెతుకులాట ప్రైమ్-డీఈ అనే ఉమ్మడి భాండాగారం గురించి చదవడంతో మొదలైంది. వేర్వేరు ల్యాబులు తమ కోతుల స్కాన్లను ఒకచోట పెట్టి పంచుకోవడానికి 2018లో దాన్ని ప్రకటించారు. నేను ఎంచుకున్నవి చనిపోయాక ఫార్మలిన్‌లో భద్రపరిచిన మెదళ్ల డిఫ్యూజన్ స్కాన్లు, అంటే నీటి కదలికను కొలిచే ఎమ్మారైలు. అలాంటి మెదడు కదలదు, ఊపిరి తీయదు, గంటల తరబడి స్కాన్ చేయవచ్చు. ఒక్కో చుక్క, అంటే వోక్సెల్, మిల్లీమీటర్ కంటే చిన్నదిగా దొరుకుతుంది. కానీ ఫార్మలిన్‌లో ఉన్న కణజాలంలో నీటి కదలిక బాగా మందగిస్తుంది. అందుకే బతికున్న మనిషికి 1000 దగ్గర పెట్టే బీ-వాల్యూను (నీటి కదలికను స్కాన్ ఎంత సున్నితంగా పట్టాలో చెప్పే సెట్టింగును) ఇలాంటి స్కాన్లకు 4000 దాకా పెంచుతారు. ఈ డేటా కోసం ఆ జంతువులు ప్రాణాలిచ్చాయి. ఫైలు తెరిచిన ప్రతిసారీ అది గుర్తుండాలని, ఫోల్డర్లకు నంబర్లు మార్చకుండా ఆ ల్యాబు ఇచ్చిన జంతువు గుర్తింపునే ఉంచాను.

ప్రీప్రాసెసింగ్ గురించి ఎక్కువ రాయను, అది ఎక్కడైనా దొరుకుతుంది. ఎఫ్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌తో వక్రీకరణలు సరిచేసి, అందులోని బెడ్‌పోస్ట్‌ఎక్స్‌తో ఒక్కో వోక్సెల్‌లో తంతువులు ఏయే దిశల్లో పోతున్నాయో అంచనా వేయించాను. సీపీయూ మీద అది చాలా ఆలస్యం, జీపీయూ ఉంటేనే పెట్టుకోండి. మా ల్యాబులో జీపీయూ ఉన్న మెషీన్ ఒక్కటే. పగలు డీప్ లెర్నింగ్ వాళ్లు వదలరు, రాత్రి నా వంతు. ఎండాకాలం కరెంటు పోయి రన్ మధ్యలో ఆగితే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. భాగాల వారీగా ఫలితాలు సేవ్ అవుతాయి కాబట్టి మిగిలిన భాగాలను మళ్లీ నడిపితే సరిపోయేది.

థాలమస్ మాస్క్ గీయడం దగ్గర చాలా కాలం గడిపాను, అది వృథా కాలేదు. మాస్క్ అంటే, 'ఇంతవరకే థాలమస్, ఇక్కడి నుంచే దారులు వెతుకు' అని సాఫ్ట్‌వేర్‌కు గీసిచ్చే హద్దు. దీనికి కార్టెక్స్ కింది భాగాల హద్దులు గీసి పెట్టిన సార్మ్ అనే రీసస్ సబ్‌కార్టికల్ అట్లాస్ ఉంది, 2021లో వచ్చింది. కార్టెక్స్‌కు దాని జోడు చార్మ్. రెండూ ఎన్‌ఎమ్‌టీ అనే టెంప్లేట్ (సగటు మెదడు నమూనా) మీద కూర్చుంటాయి. యాంట్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆ టెంప్లేట్‌ను నా మెదడుకు సాగదీసి అతికించాను. కానీ ఫార్మలిన్‌లో ఉన్న మెదడు ఆకారం కొంచెం మారుతుంది, వెంట్రికల్స్ ముడుచుకుంటాయి, తెలుపు బూడిద రంగుల తేడా కూడా బతికున్న మెదడులో ఉన్నట్టు ఉండదు. అట్లాస్ అంచులు ఒక వోక్సెల్ అటూ ఇటూ జరిగేవి. ఒక వోక్సెల్ అంటే చిన్న తేడా కాదు. థాలమస్ పక్కనే ఇంటర్నల్ క్యాప్సూల్ ఉంటుంది, కార్టెక్స్ నుంచి వెన్నుపాముకు దిగే పెద్ద తంతువుల పట్టీ. మాస్క్ అందులోకి పొరపడితే, థాలమస్‌తో సంబంధం లేని దారులన్నీ లెక్కలోకి వచ్చేస్తాయి.

చేత్తో సరిచేయాలంటే అసలు వస్తువును ఒకసారి కళ్లారా చూడాలనిపించింది. మేడమ్ ఉత్తరం రాసిస్తే, ఒక మెడికల్ కాలేజీ అనాటమీ విభాగంలో సార్ ఒప్పుకున్నారు. ట్రేలో నిలువుగా కోసిన మనిషి మెదడు ముక్క పెట్టి, గ్లోవ్స్ వేసుకోమన్నారు. మూడో వెంట్రికల్ సన్నటి చీలికలా ఉంది. రెండు పక్కలా బూడిద రంగు గుండ్రటి భాగాలు, వాటి బయటివైపు తెల్లటి ఇంటర్నల్ క్యాప్సూల్. సార్ ప్రోబ్‌తో థాలమస్ బయటి అంచును చూపిస్తూ, "ఇక్కడ పల్చటి పొర ఒకటుంది చూశావా? కంటికి సరిగా ఆనదు. రెటిక్యులర్ న్యూక్లియస్. నీ సాఫ్ట్‌వేర్ దాన్ని ఏం చేస్తుందో చూసి నాకు చెప్పమ్మా" అన్నారు. ఆ ప్రశ్న వెంటనే అర్థం కాలేదు. ప్రాజెక్టు మొత్తానికి అదే మూలమైంది.

మకాక్‌కు ప్రత్యేకమైన చిక్కు ఇంకోటి చెప్పాలి. రెండు థాలమస్‌లను నడుమ కలిపే మాసా ఇంటర్మీడియా మనుషుల్లో కొందరికి ఉండనే ఉండదు, కోతిలో మాత్రం పెద్దగా ఉంటుంది. దాని మీదుగా దారులు అవతలి పక్కకు దూకి, కుడి థాలమస్‌ను ఎడమ కార్టెక్స్‌కు కలిపేస్తాయి. నిజంలో థాలమస్ దాదాపు తన వైపు కార్టెక్స్‌తోనే కలుస్తుంది. కాబట్టి నడిమధ్య ఒక గోడలా ఎక్స్‌క్లూజన్ మాస్క్ పెట్టాలి.

దారులు వెతికే ప్రోగ్రాం ప్రోబ్‌ట్రాక్‌ఎక్స్. ఒక్కో వోక్సెల్ నుంచి 5000 సార్లు దారి వెతికి, ఎన్నిసార్లు ఏ కార్టెక్స్ భాగాన్ని చేరిందో లెక్కపెడుతుంది. దాని డీఫాల్టులు మనిషి మెదడు కోసం పెట్టినవి. ఒక్కో అడుగు 0.5 మిల్లీమీటర్లు. నా వోక్సెల్ కొలతకు అది దాదాపు ఒక వోక్సెల్ దూకినట్టు. 0.2కి తగ్గించాక మలుపుల దగ్గర దారులు తెగిపోవడం ఆగింది. ఇదొక్కటీ మార్చకుండా కోతి డేటా మీద నడపకండి.

ఆ తర్వాత ఏ భాగం గెలిచిందో దాని రంగు వేసే చిన్న ప్రోగ్రాం నడిపితే బొమ్మ వచ్చింది. ముందు, లోపలివైపు ప్రీఫ్రంటల్ రంగు, సరిగ్గా మీడియోడోర్సల్ ఉండాల్సిన చోట. దాని బయటివైపు ప్రీమోటార్, మోటార్, ఆ వెనక స్పర్శ, చివర్లో పరైటల్, టెంపోరల్, ఆక్సిపిటల్ (కార్టెక్స్ పైభాగం, పక్క భాగం, వెనక భాగం). యాంటీరియర్ కేంద్రకాల చోట సింగులేట్ రంగు వచ్చిందని చూసి బాపుకు ఫోన్ చేశాను. హద్దులు గీత గీసినట్టు ఉన్నాయి. ల్యాబులో అందరూ స్క్రీన్ చుట్టూ చేరారు. 'పేపర్ రాసెయ్' అన్నారు.

అనాటమీ సార్ అడిగింది అప్పుడు గుర్తొచ్చింది. రెటిక్యులర్ కేంద్రకం థాలమస్‌ను బయటివైపు నుంచి కప్పి ఉంటుంది. థాలమస్‌కూ కార్టెక్స్‌కూ మధ్య పోయే తంతువులన్నీ దాన్ని దాటే పోతాయి. దారిలో దానికి కొమ్మలు కూడా ఇస్తాయి. కానీ అది కార్టెక్స్‌కు ఒక్క తంతువునూ పంపదు. దాని కణాలన్నీ వెనక్కి, థాలమస్ లోపలికే పంపుతాయి, అదీ అణచివేసే సంకేతం. నా బొమ్మలో ఆ పొర ఎలా ఉంది? ముందు నుంచి వెనక్కి అన్ని రంగులతో, లోపలి కేంద్రకాలకు కొనసాగింపులాగా ఉంది. మోటార్ రంగు దాకా చూపిస్తోంది. కార్టెక్స్‌కు ఏమీ పంపని కేంద్రకానికి నా పద్ధతి మోటార్ కార్టెక్స్ పేరు పెట్టింది.

ఇది సెట్టింగుల వల్ల వచ్చింది కాదు. డిఫ్యూజన్ స్కాన్ చూసేది నీటి అణువుల కదలికను. తంతువుల వెంబడి నీరు తేలిగ్గా కదులుతుంది, అడ్డంగా కదలదు. దాన్ని బట్టి తంతువులు ఎటు సాగుతున్నాయో ఊహిస్తాం. అవి ఎక్కడ మొదలయ్యాయో, ఎక్కడ ముగిశాయో, మధ్యలో ఏ కణాన్ని తాకకుండా దాటిపోయాయో అందులో లేదు. మన గొలుసుకట్టు చెరువుల మధ్య కాలువలను పై నుంచి ఫొటో తీస్తే కాలువ కనబడుతుంది, నీళ్లు ఏ చెరువు నుంచి ఏ చెరువుకు పారుతున్నాయో, ఏ తూము తెరిచి ఉందో కనబడదు, ఇదీ అంతే. థాలమస్ విషయంలో ఇది చాలా పెద్ద లోటు. ఎందుకంటే అక్కడ రాకపోకలు రెండువైపులా ఉంటాయి. కార్టెక్స్‌లో ఆరో పొర నుంచి థాలమస్‌కు తిరిగి వచ్చే తంతువులు, థాలమస్ నుంచి వెళ్లే వాటికంటే చాలా ఎక్కువ. లాటరల్ జెనిక్యులేట్ కణాల మీద ఉన్న సినాప్సుల్లో (కణాలు కలిసే చోట్లలో) కంటి నుంచి వచ్చేవి 5 నుంచి 10 శాతమే. ముర్రే షెర్మన్, రే గిలరీ ఇద్దరూ దీని మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. సంఖ్య తక్కువైనా సందేశాన్ని మోసేవి 'డ్రైవర్లు' అనీ, సంఖ్య ఎక్కువైనా దాన్ని సవరించేవి 'మాడ్యులేటర్లు' అనీ విడదీశారు. పుల్వినార్, మీడియోడోర్సల్ లాంటి కేంద్రకాలకు డ్రైవర్ సంకేతం కార్టెక్స్ ఐదో పొర నుంచే వస్తుందని, అవి ఒక కార్టెక్స్ భాగం మాటను ఇంకో భాగానికి చేరవేస్తాయని వాళ్ల వాదన. ఇవేవీ నా రంగుల్లో లేవు.

అందుకే ట్రేసర్ పేపర్లు ముందేసుకుని కూర్చున్నాను. ఆ పద్ధతుల చరిత్ర చదువుతుంటే ఆ పని చేసినవాళ్ల మీద నాకు గౌరవం పెరిగిపోయింది. 1930ల్లో ఎర్ల్ వాకర్ కార్టెక్స్‌లో ఒక భాగం తీసేసి, దానికి తంతువులు పంపే థాలమస్ కణాలు ఎక్కడ క్షీణించాయో చూసి కేంద్రకాలను గుర్తించాడు. 1970ల మొదట్లో హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్ అనే ఎంజైము వాడుకలోకి వచ్చింది. కార్టెక్స్‌లో ఒకచోట ఎక్కిస్తే తంతువు కొస దాన్ని పీల్చుకుని వెనక్కి, కణం దాకా మోసుకెళ్తుంది. తర్వాత కాలరా టాక్సిన్ బీ భాగం, ఫాస్ట్ బ్లూ లాంటివి వచ్చాయి. మెదడును పల్చటి ముక్కలుగా కోసి, మైక్రోస్కోపు కింద రంగు పట్టిన ఒక్కొక్క కణాన్నీ గుర్తు పెడతారు. ఒక్క జంతువు నుంచి కొన్ని చోట్ల సంగతి మాత్రమే తెలుస్తుంది. నేను ఒక రాత్రి రన్‌లో కార్టెక్స్ మొత్తాన్నీ కవర్ చేశాను, కానీ వాళ్ల ఒక్కో చుక్కా నిజంగా ఉన్న కణం.

ఈ రెండింటినీ పోల్చి 2014లో పీఎన్‌ఏఎస్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పేపర్, మంచి నాణ్యత ఉన్న మకాక్ స్కాన్ల మీద కూడా ట్రాక్టోగ్రఫీకి, అంటే ఇలా స్కాన్ నుంచి దారులు గీయడానికి, సహజమైన పరిమితి ఉందని చూపించింది. నిజమైన దారులు ఎక్కువ దొరకాలని సెట్టింగు సడలిస్తే, లేని దారులూ వచ్చేస్తాయి. బిగిస్తే ఉన్నవి పోతాయి. అది చదివాక నా ఫలితాన్ని ఎలా చూపించాలో తేలింది.

మొదట సార్మ్‌లోని రెటిక్యులర్ భాగాన్ని మాస్క్ నుంచి తీసేశాను. తర్వాత ఒకే రంగు బొమ్మను పక్కన పెట్టి, ఎనిమిది భాగాలకు ఎనిమిది విడి సంభావ్యత మ్యాపులు పెట్టాను. తొమ్మిదోది, గెలిచిన భాగానికీ రెండో స్థానంలో ఉన్నదానికీ మధ్య తేడా ఎంతో చూపే మ్యాప్. నాకు ఈ మ్యాపే అన్నిటికంటే విలువైనది. మీడియోడోర్సల్‌లో తేడా చాలా ఎక్కువ, ప్రీఫ్రంటల్ గెలుపు గట్టిది, ట్రేసర్లు కూడా అదే చెబుతాయి. వీఎల్, వీపీఎల్ మధ్య తేడా దాదాపు సున్నా. మోటార్, స్పర్శ కార్టెక్స్‌లు సెంట్రల్ సల్కస్ అనే గాడికి అటూ ఇటూ ఉంటాయి, వాటికి వెళ్లే తంతువులు పక్కపక్కనే పోతాయి కాబట్టి. మీడియల్ పుల్వినార్‌లో ఎక్కడ చూసినా తేడా తక్కువే. అది పద్ధతి లోపమని నేను అనుకోవడం లేదు. ఆ భాగం ప్రీఫ్రంటల్, పరైటల్, టెంపోరల్, సింగులేట్ అన్నిటితోనూ కలుస్తుందని ట్రేసర్లలో ఉంది. దానికి ఒకే రంగు వేయడమే తప్పు.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ సార్ మొదటి స్లైడులోని రంగుల బొమ్మ చూసి, "ఆపరేషన్ చేసే డాక్టర్ దీన్ని నమ్మొచ్చా?" అని అడిగారు. ఇది ఊరికే అడిగిన ప్రశ్న కాదు. చేతులు వణికే జబ్బుకు థాలమస్‌లో విమ్ అనే చోట ఎలక్ట్రోడ్ పెట్టి కరెంటు ఇచ్చే చికిత్సను ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలీమ్ లూయీ బెనబిద్ 1987లో మొదలుపెట్టాడు. విమ్ మామూలు ఎమ్మారైలో కనబడదు కాబట్టి, ఇప్పుడు కొన్నిచోట్ల దారుల ఆధారంగా దాన్ని వెతుకుతున్నారు. నేను తొమ్మిదో మ్యాప్ తెరిచి, విమ్ ఉండే చోట, అంటే సరిగ్గా మోటార్, స్పర్శ భాగాల హద్దు దగ్గర, తేడా ఎంత తక్కువ ఉందో చూపించాను. "దీని ఒక్కదాని మీదే నమ్మకం పెట్టుకోకూడదు సార్, ఎలక్ట్రోడ్ దించేటప్పుడు కణాల చప్పుడు వినాలి, మెలకువగా ఉన్న రోగి చెయ్యి చూడాలి" అన్నాను. ఆయన ఇంకేం అడగకుండా తర్వాతి స్లైడుకు వెళ్లమన్నారు.

ఇంకా తేలని చోటు లాటరల్ జెనిక్యులేట్. అది థాలమస్ కింద, వెనక, బయటివైపుకు వేలాడుతున్నట్టు ఉంటుంది. ఆటోమేటిక్ మాస్క్‌లో సగం తప్పిపోతుంది. లోపల ఆరు పొరలు ఉంటాయి, 1, 4, 6 అవతలి కంటివి, 2, 3, 5 ఇవతలి కంటివి, ఈ స్కాన్‌లో వాటిని విడదీయడం కుదరదు. అక్కడి నుంచి ప్రైమరీ విజువల్ కార్టెక్స్‌ను తాకకుండా నేరుగా ఎమ్‌టీ అనే కదలికను గుర్తించే భాగానికి ఒక చిన్న దారి ఉందని 2004లో మకాక్ ట్రేసర్ ప్రయోగంలో తేలింది. నా డేటాలో ఆ దారి కోసం వెతికాను. ఏదో వస్తోంది, కానీ అడుగు పొడవు కొంచెం మార్చగానే పోతోంది. అందుకని రిపోర్టులో రాయలేదు. ఇప్పుడు నా జూనియర్ అదే జంతువు డేటా మీద జెనిక్యులేట్‌కు విడిగా చేత్తో మాస్క్ గీస్తోంది. మొదటి మాస్క్ పట్టుకుని మొన్న ఇద్దరం అనాటమీ సార్ దగ్గరికి వెళ్లొచ్చాం, బయటి అంచు ఇంకొంచెం కిందికి దించమన్నారు.